ముడత మనం పెట్టిందే



పోయిన మాఘమాసంలో మా చిన్నవాడి పెళ్లికి సూటు కుట్టిద్దామని హైదరాబాదులో ఒక బట్టల కొట్టుకు వెళ్లాం. కొట్టు కుర్రాడు తాను విప్పి బల్ల మీద పరిచి, "చెయ్యి పెట్టి చూడండి సార్, అసలైన ఆస్ట్రేలియా మెరినో" అన్నాడు. పెట్టి చూశాను. చిన్నప్పటి నుంచి నాకు ఉన్ని అంటే గొంగడే. ఒంటికి గరగరలాడుతుంది, బరువుగా ఉంటుంది, వానలో కప్పుకున్న మనిషిని కాపాడుతుంది. ఈ బట్ట ఆ గొంగడికి ఏ వరసా కానట్టుంది. చేతి కింద నీళ్లలా జారిపోతోంది. పిల్లవాడికి నచ్చింది, కొన్నాం.

కానీ ఆ తాను మీద చెయ్యి ఉన్నంతసేపూ నా మనసు మనసులో లేదు. నేను పశువైద్యుడిని. పాలమూరు జిల్లా పల్లెల్లో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరయ్యాను. ఆ ఉన్ని ఇచ్చిన గొర్రెకు పిల్లగా ఉన్నప్పుడు ఏం జరిగి ఉండవచ్చో నాకు తెలుసు. ఈ పూట ఆ సంగతి మీకు చెప్పాలని వచ్చాను. వినడానికి కష్టంగా ఉంటుంది. అన్నం ముందు కూర్చుని వింటున్నవాళ్లు ఉంటే, ముందు భోజనం ముగించమని నా మనవి.

ఆస్ట్రేలియాలో గొర్రెలు ఈనిన కొన్ని వారాలకు పిల్లలన్నిటినీ ఒక్కచోటికి తోలుకొస్తారు. ఆ రోజే వాటికి అన్ని పనులూ అయిపోవాలి. చెవికి బిళ్ల, టీకా, పోతు పిల్లలకు విత్తులు తీయడం, తోక కత్తిరించడం. పిల్లను వెల్లకిలా పడుకోబెట్టి, నాలుగు కాళ్లూ బిగించే ఇనప తొట్టి ఒకటి ఉంటుంది. ఒక మనిషి దగ్గర నుంచి ఇంకో మనిషి దగ్గరకు ఆ తొట్టి తిరుగుతూ పోతుంది. చాలా మెరినో మందల్లో ఈ వరసలో ఇంకొక పని కూడా ఉంటుంది. దాని పేరు మ్యూల్సింగ్. పదునైన కత్తెరతో తోకకు రెండు పక్కలా, పిరుదుల మీద ఉన్న చర్మాన్ని నెలవంక ఆకారంలో కోసి తీసేస్తారు. తోక మీది చర్మం కూడా కొంత తీస్తారు. కుట్లు ఉండవు. పచ్చి గాయం అలాగే ఉంటుంది. తొట్టి తెరవగానే పిల్ల కింద పడి, లేచి, తల్లి కోసం వెతుక్కుంటూ పోతుంది. గాయం మానడానికి వారాలు పడుతుంది. మానాక అక్కడ ఉన్ని మొలవదు. నున్నటి మచ్చ మిగులుతుంది.

దశాబ్దాల పాటు ఈ పనిని మత్తు లేకుండా, నొప్పి మందు లేకుండా చేశారు. కొన్నిచోట్ల ఇప్పటికీ అలాగే చేస్తున్నారు.

గొర్రెను సాకినవాళ్లకు ఒక సంగతి తెలుసు. గొర్రె నొప్పిని చెప్పుకోదు. కుక్క కుయ్యిమంటుంది, మేక ఊరంతా వినబడేలా అరుస్తుంది, పంది సంగతి చెప్పనక్కరలేదు. గొర్రె మాత్రం గమ్మున ఉంటుంది. మందలో కుంటేదీ అరిచేదీ ఏదో తోడేలు ముందు దాన్నే పట్టుకుంటుంది కనుక, నొప్పిని దాచుకున్న గొర్రెలే వేల ఏళ్లుగా బతికి బట్టకట్టాయి. అందుకే గొర్రె అరవలేదంటే నొప్పి లేదని కాదు. దాన్ని చూసే కన్ను వేరే ఉండాలి. మ్యూల్సింగ్ అయిన పిల్లలను శాస్త్రజ్ఞులు గంటల తరబడి, రోజుల తరబడి గమనించారు. అవి వీపు విల్లులా వంచి, తల వేలాడేసి నిలబడ్డాయి. పడుకోవడానికి వెనకాడాయి. బిగుసుకుపోయినట్టు నడిచాయి. మేత తగ్గించాయి. రక్తంలో కార్టిసాల్ అనే హార్మోను బాగా పెరిగింది. ఇంకొకటి కూడా తేలింది. తమను ఆ రోజు పట్టుకున్న మనిషిని ఆ పిల్లలు గుర్తుపెట్టుకుని, వారాల తరబడి అతని దగ్గరకు రాకుండా తప్పుకు తిరిగాయి. ఈ చివరి మాట చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

మరి ఆ రైతులు కసాయివాళ్లా? కాదు. అది ముందే చెప్పాలి. వాళ్లు ఈ పని చేయడానికి కారణం ఒక ఈగ.

మన పల్లెల్లో గొర్రెకు పుండైతే ఈగ వాలి పురుగు పట్టడం అందరూ చూసిందే. మన కాపరులు ఆ పుండులో కలరా ఉండలు నూరి పోస్తారు, సీతాఫలం ఆకు రసం పిండుతారు, టర్పెంటైన్ తడిపిన దూది పెడతారు. ఆస్ట్రేలియాలో ఆ ఈగ పేరు లూసీలియా క్యూప్రినా. రాగిరంగు మెరుపుతో ఉండే ఆకుపచ్చ ఈగ. అది అక్కడ పుట్టింది కాదు, ఓడల్లో బయటి నుంచి వచ్చి చేరింది. దానికి పుండు కూడా అక్కరలేదు. గొర్రె తోక కింద ఉచ్చతో, పెంటతో తడిసి మురిగిన ఉన్ని ఉంటే చాలు. ఒక్కసారికి వందల గుడ్లు పెడుతుంది. ఒక రోజు తిరిగేలోపే గుడ్లు పిగిలి పురుగులవుతాయి. ఆ పురుగులు చర్మాన్ని కొరుక్కు తింటూ లోపలికి పోతాయి. గొర్రె తోక విదిలిస్తుంది, కాలు నేలకు కొడుతుంది, వెనక్కి తిరిగి తన ఒంటిని తానే కొరుక్కుంటుంది, తర్వాత మందకు దూరంగా పోయి పడుకుంటుంది. విషం రక్తంలోకి ఎక్కి కొన్ని రోజుల్లో చచ్చిపోతుంది. బతికుండగానే పురుగులు తినడం అంటే ఏమిటో కళ్లారా చూసినవాడిని నేను. ఆ చావు ఏ జీవికీ వద్దు.

మన కాపరికి నూరు గొర్రెలుంటే నూరింటినీ రోజూ సాయంత్రం దొడ్డి కాడ చూసుకుంటాడు. అక్కడ ఒక కుటుంబం కొన్ని వేల గొర్రెలను మైళ్ల కొద్దీ పచ్చికలో వదిలి సాకుతుంది. వాన పడి ఎండ కాసిన వారంలో ఏ గొర్రెకు ఈగ కొట్టిందో వెతికి పట్టుకోవడం ఇద్దరు ముగ్గురు మనుషులకు అయ్యే పని కాదు. ఈ ఈగ వల్ల ఆస్ట్రేలియాకు ఏటా 17 కోట్ల డాలర్లకు పైగా నష్టమని 2015లో అక్కడి పశుమాంస పరిశ్రమ సంస్థ లెక్కకట్టింది. "ఒక్కరోజు నొప్పితో ఏళ్ల తరబడి కాపాడుతున్నాం" అని ఆ రైతులు అంటారు. నొప్పి ఒక్కరోజుది కాదు గానీ, కాపాడటం మాత్రం అబద్ధం కాదు. తోక కింద నున్నటి మచ్చ ఉన్న గొర్రెకు అక్కడ ఈగ పట్టడం బాగా తగ్గుతుంది. ఇది రుజువైన సంగతే.

అయితే నా ప్రశ్న ఇంకొంచెం వెనక్కి పోతుంది. ఆ గొర్రె తోక కింద అంత తడి ఎందుకు నిలుస్తోంది? మన నెల్లూరు గొర్రెకు నిలవదే!

నెల్లూరు గొర్రెను ఒకసారి మనసులో తెచ్చుకోండి. పొడుగు కాళ్లు, సన్నని పొట్టి తోక, ఒంటికి అంటుకున్నట్టుండే పొట్టి వెంట్రుక, ఎక్కడా ఉన్ని గుబురు లేదు. పల్ల, జోడిపి, దోర అనే దాని రకాల్లో ఏదయినా వెనక భాగం చేత్తో తుడిచినట్టు శుభ్రంగా ఉంటుంది. ఇప్పుడు పాతకాలపు మెరినో పొట్టేలు బొమ్మ చూడండి. మెడ కింద దొంతర్లు, తొడల మీద దొంతర్లు, తోక చుట్టూ దొంతర్లు. ఒక పెద్ద గొర్రె చర్మాన్ని చిన్న గొర్రెకు తొడిగినట్టుంటుంది. ఆ మడతల మధ్యే ఉచ్చ నిలుస్తుంది, పెంట నిలుస్తుంది, చెమట నిలుస్తుంది. ఈగకు అదే ఇల్లు.

ఆ ముడత దేవుడు పెట్టింది కాదు. మెరినో స్పెయిన్ దేశపు గొర్రె. 1797లో దక్షిణాఫ్రికా కొస నుంచి ఓడల్లో సిడ్నీకి మొదటి మెరినోలు వచ్చాయి. అప్పటి గొర్రెకు ఇన్ని ముడతలు లేవు. తర్వాత దాదాపు వందేళ్లకు, 1880ల్లో, అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రం నుంచి బాగా ముడతలు పడ్డ పొట్టేళ్లను ఆస్ట్రేలియా పెంపకందార్లు గొప్ప ధరలు పోసి తెప్పించారు. వాళ్ల ఆలోచన చాలా సులువైనది. చర్మం ఎక్కువ ఉంటే ఉన్ని ఎక్కువ వస్తుంది. ఆ పొట్టేళ్లను మందల్లో కలిపారు. కొన్నేళ్లలో ఖండం నిండా ముడతల గొర్రెలు పరుచుకున్నాయి. అదే కాలంలో ఆ రాగిరంగు ఈగ కూడా వచ్చి చేరింది. ఇరవయ్యో శతాబ్దం మొదలయ్యేసరికి పురుగు పట్టి గొర్రెలు చావడం అక్కడ పెద్ద ఉపద్రవమైంది.

ఇక్కడ నాకు కథలా అనిపించే ఒక చరిత్ర ఉంది. 1930 ప్రాంతంలో దక్షిణ ఆస్ట్రేలియాలో జాన్ మ్యూల్స్ అనే గొర్రెల రైతు ఉండేవాడు. మాటిమాటికీ పురుగు పట్టే ఒక గొర్రెకు ఉన్ని తీస్తుండగా చెయ్యి జారి తోక దగ్గర చర్మం తెగిపోయింది. ఆ గాయం మానాక ఆ గొర్రెకు మళ్లీ అక్కడ పురుగు పట్టలేదు. అది చూసి ఆయన మిగతా గొర్రెలకు కావాలనే అలా కోశాడు. ఆయన పేరే ఈ పనికి నిలిచిపోయింది. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1931లో, న్యూ సౌత్ వేల్స్‌లో సెడ్డన్ అనే పశువైద్య శాస్త్రవేత్తా ఆయన సహచరులూ వేరే పని చేశారు. గొర్రెలను ముడతల లెక్కన మూడు తరగతులుగా విడదీసి చూశారు. ముడతలు ఎక్కువున్న వాటికే పురుగు ఎక్కువ పడుతోందని, నున్నటి గొర్రెలకు చాలా తక్కువని తేల్చి చెప్పారు. ముడతలేని గొర్రెలను ఏరి పెంచుకుంటే తరతరానికీ ఈ బాధ తగ్గుతుందని అర్థం.

అంటే ఒకే కాలంలో రెండు దారులు తెరుచుకున్నాయి. ఒకటి కత్తెర దారి, రెండోది పొట్టేలును ఏరుకునే దారి. కత్తెర ఆ రోజే ఫలితం చూపిస్తుంది. పొట్టేలు ఫలితం చూపించడానికి కొన్ని తరాలు కావాలి. లోకం కత్తెర పట్టుకుంది. తొంభై ఏళ్లయినా ఇంకా చాలామంది చేతిలో అదే ఉంది.

రెండో దారిని మొత్తంగా మరిచిపోయారని కాదు. న్యూ సౌత్ వేల్స్‌లోని ట్రాంగీ పరిశోధన కేంద్రంలో, గత శతాబ్దం మధ్యలో, ముడతలు పెరిగేలా ఒక మందనూ, తగ్గేలా ఇంకొక మందనూ ఎంచి పెంచారు. ముడతల గొర్రెలకు పిల్లలు తక్కువ నిలిచాయి. అంటే ఎక్కువ ఉన్ని ఆశ చూపి తెచ్చిన ముడత, ఇంకోవైపు పిల్లల సంఖ్యను తినేస్తోంది. ముడతల గొర్రెకు ఉన్ని తీయడం కూడా కష్టం, కత్తెర జారి గాయాలవుతాయి. జిమ్ వాట్స్ అనే పశువైద్యుడు నున్నటి చర్మం, పొడుగాటి మెత్తటి ఉన్ని ఉన్న మెరినోలను ఏరి పెంచే పద్ధతిని ఏళ్ల తరబడి రైతులకు చెబుతూ వచ్చాడు. వాళ్లలో చాలామంది కత్తెర పక్కన పెట్టారు, ఉన్ని అమ్ముకుంటూ బాగానే బతుకుతున్నారు. ఇప్పుడు పొట్టేలును కొనేటప్పుడు దాని తోక చుట్టూ ముడత ఎంత, ఉన్ని ఎంత దూరం కమ్ముకుంది, పెంట ఎంత అంటుకుంటుంది అని పిల్లలకు సంక్రమించే గుణాలను అంకెల్లో చూసి కొనే వీలు కూడా ఉంది. విద్య ఉంది, పనిముట్లు ఉన్నాయి. లేనిదల్లా తొందర.

మరి ఆ తొందర ఎప్పుడు వచ్చింది? బయటి నుంచి ఒత్తిడి వచ్చినప్పుడు. 2004లో జంతువుల హక్కుల కోసం పోరాడే పెటా సంస్థ ఈ కోత బొమ్మలను లోకానికి చూపించింది. అమెరికాలో అబెర్‌క్రాంబీ అండ్ ఫిచ్ అనే బట్టల సంస్థ ఆస్ట్రేలియా ఉన్ని కొనబోమని చెప్పింది. గుండె గుభేలుమన్న ఉన్ని పరిశ్రమ అదే ఏడాది నవంబరులో ఒక మాట ఇచ్చింది, 2010 డిసెంబరు 31 నాటికి మ్యూల్సింగ్ ఆపేస్తామని. ఆరేళ్ల గడువు. రైతుల దగ్గర వసూలు చేసిన రుసుముతో నడిచే ఆస్ట్రేలియన్ వుల్ ఇన్నోవేషన్ సంస్థ ఆ బాధ్యత తీసుకుంది. 2009లో, గడువుకు ఏడాదిన్నర ఉండగానే, ఆ మాట వెనక్కి తీసుకున్నారు. ప్రత్యామ్నాయాలు సిద్ధంగా లేవన్నారు. ఇచ్చిన మాట తప్పడం ఎక్కడైనా తప్పే. కానీ ఇక్కడ మాట తీసుకున్న గొర్రెలకు నోరు లేదు. అడగలేవు. నాకు ఈ మొత్తం కథలో అన్నిటికంటే కోపం తెప్పించేది ఈ 2009 సంగతే.

న్యూజిలాండ్‌ది వేరే దారి. అక్కడా మెరినోలు ఉన్నాయి, ఈగా ఉంది. అక్కడి రైతులే ముందు తమంతట తాము ఈ పనిని తగ్గించుకుంటూ వచ్చారు. 2018 అక్టోబరు 1 నుంచి చట్టమే దాన్ని నిషేధించింది. ఆ దేశపు మెరినో ఉన్ని ఇవాళా ప్రపంచమంతా అమ్ముడుపోతోంది.

ఆస్ట్రేలియాలో నొప్పి మందు కథ కూడా చెప్పాలి, ఎందుకంటే అందులో వెలుగు ఉంది. మెరెడిత్ షీల్ అనే ఆవిడ చిన్నపిల్లల వైద్యురాలు, గొర్రెల పెంపకం కూడా చేసేది. పసిపిల్లకు చిన్న సూది వేసినా నొప్పి తెలియకుండా చూసే మనిషి, తన మందలో గొర్రె పిల్లల చర్మం కోసేస్తుంటే చూసి ఊరుకోలేకపోయింది. గాయం మీద చల్లితే అతుక్కుని ఉండే ఒక మందు తయారు కావడానికి ఆవిడే కారణం. అందులో లిగ్నోకెయిన్, బ్యుపివకెయిన్ అనే మొద్దుబారించే మందులు, రక్తం ఆపే అడ్రినలిన్, కుళ్లకుండా కాచే సెట్రిమైడ్ ఉంటాయి. ట్రై-సాల్ఫెన్ అని దాని పేరు. 2005 నుంచి వాడకంలోకి వచ్చింది. చల్లిన నిమిషంలో గాయం మొద్దుబారుతుంది. తర్వాత నోటి ద్వారా ఇచ్చే మెలాక్సికామ్ కూడా వచ్చింది. దాని పట్టు ఇంకా ఎక్కువసేపు ఉంటుంది. విక్టోరియా రాష్ట్రం 2020 జులై 1 నుంచి నొప్పి మందు లేకుండా మ్యూల్సింగ్ చేయకూడదని చట్టం చేసింది. మన తెలుగువాళ్లు ఎంతోమంది ఉండే మెల్‌బోర్న్ ఆ రాష్ట్రంలోదే.

కానీ ఒక్క మాట మరిచిపోకూడదు. ట్రై-సాల్ఫెన్‌ను కోసిన తర్వాత చల్లుతారు, కోయకముందు కాదు. కోస్తున్నప్పటి నొప్పి నొప్పే. తర్వాతి గంటలను అది తేలిక చేస్తుంది, అంతే. వారాల పాటు మానే గాయానికి ఆ ఒక్క పూట మందు సరిపోదు. కనుక మందును నేను వద్దనను, నూటికి నూరు పిల్లలకూ ఇవ్వాలంటాను. అయితే మందు ఇస్తున్నాం కనుక ఇక అడగకండి అంటే మాత్రం ఒప్పుకోను.

ఇక ఆ తోకల సంగతి. తోక కత్తిరించడం ప్రపంచమంతా ఉంది. రబ్బరు ఉంగరం వేసి రక్తం ఆపేస్తారు, కొన్ని వారాల్లో తోక ఎండి రాలిపోతుంది. విత్తులకూ అదే ఉంగరం. వేసిన గంటా రెండు గంటలు పిల్ల దొర్లుతుంది, లేస్తుంది, మళ్లీ పడుతుంది. బ్రిటన్‌లో మత్తు లేకుండా ఉంగరం వేయాలంటే పుట్టిన మొదటి వారంలోనే వేయాలి. తోకను మరీ పొట్టిగా కోస్తే వెనక భాగం కాచుకోవడానికి ఏమీ మిగలదు, ఎండకు అక్కడ క్యాన్సర్ కూడా వస్తుంది, ఈగ బాధ తగ్గకపోగా పెరుగుతుంది. ఉంగరం వేసేటప్పుడే మత్తు సూది కూడా పడేలా స్కాట్లాండ్‌లో ఒక పనిముట్టు కనిపెట్టారు. అది 2019 నుంచి ఆస్ట్రేలియా రైతుల చేతికి వచ్చింది. చేయాలనుకుంటే దారులు ఇలా దొరుకుతూనే ఉంటాయి.

మనకేమిటి సంబంధం అంటారా? ఆస్ట్రేలియా ఉన్ని కొనే పెద్ద దేశాల్లో మనదీ ఒకటి. 2022 డిసెంబరు 29న అమల్లోకి వచ్చిన రెండు దేశాల వాణిజ్య ఒప్పందంతో ఆ ఉన్ని మీద మన దిగుమతి సుంకం కూడా పోయింది. 2008 నుంచి అక్కడి ఉన్ని వేలంలో రైతు ఒక ప్రకటన ఇవ్వవచ్చు. ఈ మూటలోని ఉన్ని కోత లేని గొర్రెలదా, కోత మానేసిన మందదా, నొప్పి మందు ఇచ్చి కోసినవాటిదా అని ఆ కాగితం మీద ఉంటుంది. అంటే మూట కొనే మిల్లువాడికి ఆ సంగతి తెలిసే వీలుంది. ఆ మూట దారమై, తానై, హైదరాబాదు కొట్టులో బల్ల మీదికి వచ్చేసరికి ఆ మాట ఎక్కడో రాలిపోతుంది. నేను కొట్టు కుర్రాడిని అడిగాను, ఇది కోత లేని గొర్రె ఉన్నేనా అని. పాపం, అతను నా వైపు వింతగా చూసి, "ఇది చాలా మంచి క్వాలిటీ సార్" అన్నాడు. అతని తప్పేమీ లేదు. అడిగినవాళ్లు అతనికి ఇంతవరకూ తగలలేదు.

పెళ్లయిన నెలకు మా ఊరి వైపు వెళ్లినప్పుడు ఒక కురుమ పెద్దాయనను కలిశాను. డెబ్బై దాటిన మనిషి. నేను నౌకరీలో ఉన్న రోజుల నుంచీ ఎరుక. భుజాన గొంగడి, చేతిలో కర్ర. అరుగు మీద కూర్చుని ఈ మ్యూల్సింగ్ సంగతంతా ఆయనకు చెప్పాను. ముడతలు, ఈగ, కత్తెర, తొట్టి. చివరిదాకా విని, కాసేపు నేల వైపు చూసి అడిగాడు: "మరి గసొంటి పొట్టేలును మందల ఎందుకు ఉంచుకుంటున్రు సారూ?"

సెడ్డన్ 1931లో చెప్పిందీ, ఈయన అడిగిందీ ఒకటే. విత్తన పొట్టేలును ఏరుకోవడం మన కాపరులకు తల్లి నేర్పిన మాటంత సహజం. తల్లి పాలు ఎట్లా ఇచ్చింది, నడక ఎట్లా ఉంది, రోగానికి తట్టుకుంటుందా, ఇవన్నీ చూసి మందకు ఒకటో రెండో ఉంచి మిగతావి అమ్మేస్తారు. 2019 పశుగణన ప్రకారం మన దేశంలో 7 కోట్ల 42 లక్షల గొర్రెలుంటే అందులో తెలంగాణలో కోటీ 91 లక్షలు, ఆంధ్రప్రదేశ్‌లో కోటీ 76 లక్షలు. దేశంలో దాదాపు సగం గొర్రెలు మన రెండు రాష్ట్రాల్లోనే ఉన్నాయి. ఇంత మందను నడుపుతున్న చేతులకు ఆ తెలివి లేకుండా ఎలా ఉంటుంది?

కానీ ఆ పెద్దాయన ప్రశ్న విన్నాక నాకు ఇంకొకటి మనసులో గుచ్చుకుంది. ఆస్ట్రేలియా వాళ్లను ఇంతసేపు అడిగాను కదా. మరి నేను?

నా నౌకరీలో ఎన్ని వందల పొట్టేళ్లకు బర్డిజో వేశానో లెక్క లేదు. అది పెద్ద పట్టకారు లాంటిది. చర్మం తెగకుండా విత్తులకు పోయే నరాన్ని, రక్తనాళాన్ని నలిపేస్తుంది. దానికి ముందు పల్లెల్లో విత్తులను రాయి మీద పెట్టి కర్రతో నలగ్గొట్టేవాళ్లు. దాని కంటే బర్డిజో నయమని మేం చెప్పుకునేవాళ్లం. నిజమే, నయమే. పుండు కాదు, పురుగు పట్టదు. రక్తం కారదు కనుక నొప్పి కూడా పెద్దగా లేదని మాకు మేమే నచ్చజెప్పుకున్నాం. శిబిరం పెట్టిన రోజు వరసగా తెచ్చి నిలబెట్టేవాళ్లు. ఇద్దరు పట్టుకునేవాళ్లు, నేను వేసేవాడిని. జంతువు ఒక్కసారి ఎగిరి తన్నేది, తర్వాత వణుకుతూ నిలబడేది. "అయిపోయింది, తోలుకపో" అనేవాడిని. మందుల పెట్టెలో లిగ్నోకెయిన్ సీసా ఉండేది. ఆవుకు కుట్లు వేయాలంటే అదే తీసేవాడిని. పొట్టేలుకు ఒక్కనాడూ తీయలేదు. వరసలో ఇంకా యాభై ఉన్నాయి, పొద్దు గూకుతోంది, సూది వేసి ఐదు పది నిమిషాలు ఆగితే ఎప్పటికి అవుతుంది అనే లెక్క. ఆస్ట్రేలియా రైతు చెప్పే లెక్కా అదే.

మన చట్టం 1960 నాటిది, జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం. అందులో పదకొండో సెక్షన్ క్రూరత్వం అంటే ఏమిటో చెబుతుంది. అదే సెక్షన్, నిర్దేశించిన పద్ధతిలో చేసే కొమ్ముల తొలగింపు, విత్తులు తీయడం, వాతలు పెట్టడం, ముక్కుతాడు వేయడం వీటిని క్రూరత్వం లెక్కలోంచి తీసేసింది. ఆ నిర్దేశించిన పద్ధతి ఏమిటో చెప్పే నియమాలు 2023లో గానీ రాలేదు. అరవై మూడేళ్లు! ఇప్పుడు ఆ నియమాలు పశువైద్యుడు ఉండాలి, మత్తు ఇవ్వాలి అంటున్నాయి. కాగితం మీద రాత వచ్చింది. పల్లె పశువుల ఆసుపత్రిలో ఆ మందు సీసాలు సరిపడా ఉండాలి, ఆ ఐదు నిమిషాలు ఆగే ఓపిక వైద్యుడికి ఉండాలి. ఇవాళ నౌకరీలో ఉన్న నా తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ ప్రసంగం వింటుంటే, మీ పై అధికారులకు మందు కోసం రాయండి. రాసి ఊరుకోకండి, మళ్లీ మళ్లీ రాయండి.

ఆ రోజు పెద్దాయన దొడ్లో విత్తులు నొక్కాల్సిన పొట్టేళ్లు నాలుగు ఉన్నాయి. "వచ్చినవ్ గద సారూ, నీ చేత్తోనే చెయ్" అన్నాడు. మండల పశువైద్యుడు నా దగ్గర పని నేర్చుకున్న కుర్రవాడే. ఫోన్ చేస్తే తన పట్టకారు, మందు సీసా పట్టుకుని మోటారు సైకిల్ మీద వచ్చాడు. మొదటి పొట్టేలును పెద్దాయన గోడకు ఆనించి, వెనక కాళ్లు రెండూ తన మోకాళ్ల మధ్య బిగించాడు. నేను సూది వేసి పక్కన కూర్చున్నాను.

"ఎందుకు కూసున్నవ్ సారూ? చెయ్యరాదు?"

"మందు పట్టనియ్యి కాకా. ఐదు నిమిషాలు."

ఆయన ఏమీ అనలేదు. వేప చెట్టు మీద కాకులు అరుస్తున్నాయి. పొట్టేలు దొడ్డి మూలకు పడున్న తుమ్మకాయల వైపు మెడ సాచింది. నేను లేచి ఒకవైపు పట్టకారు వేసి నొక్కాను, లోపల నలిగిన చప్పుడు చేతికి తెలిసింది. రెండోవైపు కూడా వేసి తీశాను. పొట్టేలు చెవులు కదిలించి, మళ్లీ తుమ్మకాయల వైపు చూసింది.

"అయిపోయింది కాకా, వదిలెయ్."

ఆయన వదల్లేదు. కళ్లు గట్టిగా మూసుకుని, పళ్లు బిగబట్టి, అది తన్నేదాకా ఆగుదామని ఆ కాళ్లను అలాగే పట్టుకుని ఉన్నాడు.